వదిన లేవని బల్ల

పైడమ్మ వదిన బల్ల మీద కూర్చుని ఉంది, నేను ఆమె చుట్టూ వార్నీషు పూస్తున్నాను, ఎంత పూసినా ఆమె కూర్చున్న ఆ మూరెడు చోటు మాత్రం మిగిలిపోతూనే ఉంది. బల్ల మా టిఫిన్ హోటల్ ముందు ఉండాల్సిన చోటే ఉంది, కానీ హోటల్ కనిపించడం లేదు, దాని చోట సముద్రం ఉంది, అది కూడా మా భీమిలి సముద్రంలా అరవకుండా పళ్ళెంలో పోసిన గంజిలా తెల్లగా, కదలకుండా ఉంది. వదిన చనిపోయిందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు, ఇద్దరం ఆ సంగతి ఎత్తడం లేదు. చచ్చిపోయిన మనిషి కళ్ళెదుట కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటే భయం వెయ్యాలి కదా, నాకు భయం లేదు, ఒళ్ళు మండుతోంది. బతికున్నప్పుడూ ఇంతే, చీపురు తగిలినా కాలు తీసేది కాదు మహాతల్లి.

"లెగు వొదినా. నువ్వు కూకున్న కాడ పుయ్యాల" అంటాను.

"లెగను."

"నీ కాళ్ళకి దండం పెడతాను, లెగు."

"పెట్టు. బతికుండగా పెట్టనేదు, ఇప్పుడైనా పెట్టు" అంటుంది, కాళ్ళు ఇంకాస్త ముందుకి చాపి.

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. ఈమె నాకు సగం కాదు, మొగుడికి మొగుడు. భర్త జ్వరంతో పోయాక, పిల్లాజెల్లా లేని ఈ పైడమ్మ తమ్ముడింటికి వస్తూ వస్తూ తెచ్చుకున్నది ఒక బట్టల మూట, ఈ బల్ల. పోయిన భర్త నావని విప్పించి ఆ చెక్కలతోనే వడ్రంగి చేత చేయించింది. దాన్ని నా హోటల్ గుమ్మం ముందు వేయించి, పొద్దున కూర్చుంటే రాత్రి దాకా అక్కడే, ఎవరికి ఎన్ని ఇడ్లీలు వెళ్తున్నాయో, నేను చట్నీలో ఎన్ని నీళ్ళు పోస్తున్నానో అన్నీ ఆమెకే కావాలి. పైగా ఆ బల్లకి పలాస నుంచి తెప్పించిన జీడిపిక్కల నూనె పట్టించేది. నావలకి పూసే నూనె అది, నల్లగా, జిగురుగా, ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే నూనె. నావకి పూసే నూనె మనుషులు కూర్చునే బల్లకి పూస్తారా ఎవరైనా? పూస్తారు, మా పైడమ్మ వదిన పూస్తుంది.

ఇదంతా నేను మనసులో అనుకుంటున్నానో పైకి అంటున్నానో తెలియడం లేదు, కానీ వదిన వింటూనే ఉంది, మూతి వంకరగా పెట్టుకుని. నా చేతిలో కుంచె మాటిమాటికీ అట్లకాడ అవుతోంది, డబ్బాలో ఉన్నది ఒక్కోసారి పిండిలా చిక్కబడుతోంది, నేను దాన్ని విదిలించి మళ్ళీ కుంచె చేసుకుని పూస్తున్నాను. బల్ల కూడా ఊరికే ఉండడం లేదు, నేను ఒక చివర పూసి రెండో చివరకి వెళ్ళేలోగా ఇంకా పొడుగవుతోంది, ఒడ్డు పొడుగునా సాగిపోతోంది, అయినా వదిన ఎక్కడికక్కడ నా ముందే కూర్చుని ఉంటోంది.

"నూనె తాగిన సెక్క మీద వార్నీషు నిలుస్తాదేటే, బుర్రలేనిదానా" అంటుంది.

"గీకినాను. గీకి, ఉప్పుకాగితంతో రుద్దినాను. నీ నూనెంతా తీసీసినాను."

"పైది తీసినావు. లోపలిది నీ బాబు తీస్తాడేటి?"

"నా బాబుని ఎత్తకు!"

"కాళ్ళ అడుగున పూసినావా?"

కాళ్ళ అడుగున ఎవరు చూడొచ్చారు, ఎవరు పూస్తారు! వదిన నవ్వుతుంది, ఆ నవ్వు నాకు బాగా తెలుసు, పెళ్ళైన కొత్తలో నేను మొదటిసారి చేపలు కడిగినప్పుడు నవ్విన నవ్వు.

"ముందు అడుగు, తరవాత పైన. నావకి అడుగు పుయ్యకుండా అంచులకి రంగేసినోడు ఎవుడైనా ఉన్నాడేటి? తడి కాళ్ళ కిందనించి ఎక్కుతాది. పైన నువ్వు అద్దంలాగ మెరిపించుకో, లోపల సెక్క సివికిపోతాది."

వంగి చూస్తే నిజంగానే సముద్రం బల్ల కిందకి వచ్చేసి ఉంది, చప్పుడు లేకుండా, కాళ్ళు నాలుగూ నీళ్ళలో ఉన్నాయి, వేలితో నొక్కితే టీలో ముంచిన రస్కులా లోపలికి దిగిపోతున్నాయి. నాకు ఏడుపొస్తోంది, ఆమె ముందు ఏడవడం చచ్చినా ఇష్టం లేదు, అందుకని అరుస్తాను.

"నూనె, నూనె అని సంపకు! నీ నూనె మూలాన్నే కాదేటి ఆ వైజాగు కుర్రోడికి తొడలు బొబ్బలెక్కినాయి? నిక్కరేసుకుని కూకున్నాడు పాపం, రెండోనాడు ఆళ్ళ నాన్నని ఎంటబెట్టుకొచ్చి హోటల్ ముందు నా పరువు తీసినాడు. నువ్వు పోయి ఏడాదవుతున్నా నీ నూనె ఇంకా కాలుస్తన్నాది. గీకకపోతే ఏటి సెయ్యాల నాను? బల్లకి పూజ సేసుకుంటా కూకోవాలా?"

ఈ ప్రశ్న నేను ఊరందరినీ అడిగాను, అందరూ గీకడమే మంచిదన్నారు. అనని వాడు ఒక్కడే, ఈమె తమ్ముడు, నా మొగుడు. ఆయన విజయనగరం వెళ్ళిన రోజు చూసి గీకేశాను, ఉంటే ముట్టుకోనివ్వడని. సాయంత్రం వచ్చాడు, బల్ల కింద రాలిన నల్లటి పొట్టు చూశాడు, దాన్ని చేటలోకి ఎత్తి సముద్రంలో కలిపి వచ్చాడు, అంతే, ఆనాటి నుంచి నాతో మాట లేదు. కేకలేసినా బాగుండేది. కూర పెడితే తింటాడు, నీళ్ళిస్తే తాగుతాడు, నా మొహం వంక చూడడు. ముప్పొద్దులా వాగే దాన్ని నేను, గోడతో కాపురం చేస్తున్నట్టుంది.

"ఎవులూ కూకోకూడదనే పూసినాను" అంటుంది వదిన.

నా కుంచె ఆగిపోతుంది.

"ఏటీ?"

"నావకైతే ఏడాదికోపాలి పూస్తే సాలు. నాను ఆరకముందే మళ్ళా పూసీదాన్ని. ఎండనిస్తే మీరంతా కూకుంటారు గదా."

"బొబ్బలెక్కుతాయని తెలిసే పూసినావా?"

"తెలీకేటి? నాకు ఎక్కనేదేటి మొదట్లో? అలవాటైపోనాది."

సముద్రం ఇంకాస్త పైకి వచ్చింది, నా చీర కుచ్చెళ్ళు తడుస్తున్నాయి, అది నీళ్ళో వార్నీషో తెలియడం లేదు. నేను గొంతు తగ్గించి అడుగుతాను, ఎందుకు తగ్గిందో నాకే తెలియదు.

"నీకేటి తక్కువ సేసినాం వొదినా? తిండి పెట్టనేదా, బట్ట పెట్టనేదా?"

"అన్నీ పెట్టినావు. పెట్టీదానివి నువ్వు, తినీదాన్ని నాను. పొయ్యి నీది, బీరువా నీది, తాళాలు నీ బొడ్డున, తమ్ముడూ నీవోడే. ఆ ఇంట్లో ఈ సెక్కొక్కటే నాది. దీని మీద కూడా నువ్వు కూకుంటే నానెక్కడ కూకుందును సెప్పు?"

ఇక్కడ నా గుండె కరగాలి. కరగలేదు, సరికదా ఇంకా మండింది. ఇన్నేళ్ళు ఒక్క ఇంట్లో ఉండి, ఒక్క కుండలో తిని, ఇది ఇప్పుడు చెప్తుందా? చచ్చాక, నా హోటల్ లేని చోట, నా మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాక?

"నోరిప్పి ఒక్క మాట అంటే నీ సొమ్మేటి పోనాది?"

"నువ్వు అడిగినావేటి?"

"నువ్వు నన్ను అడగనిచ్చినావేటి? నాను నోరు తెరిస్తే ముందు నువ్వే తెరిసీదానివి!"

"నోరున్నది తెరవడానికే గదే."

"ఆ నోరు పెట్టుకునే ఏ సుట్టమూ గడప తొక్కనేదు!"

"నీ సాంబారు తాగలేక రానేదు ఆళ్ళు."

అలా తిట్టుకుంటూనే ఉన్నాం, తిట్లు అయిపోవడం లేదు, ఒక తిట్టు వెనక ఇంకో తిట్టు ఒడ్డుకి వస్తోంది, పాతవీ కొత్తవీ, ఎప్పుడో మరిచిపోయిన, కందిపప్పు మాడిన నాటి తిట్టు కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కాసేపూ నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఇంత శబ్దం విని ఎన్నాళ్ళైంది! ఆయాసంతో ఆగి, నేను అసలు సంగతికి వస్తాను, నేను ఎందుకు ఇంతసేపు ఆమెను భరిస్తున్నానో ఆ సంగతికి.

"నీ తమ్ముడు నాతో మాటాడ్డం నేదు."

"తెలుసు."

"నువ్వు సెప్పు ఆడికి. నీ మాటంటే యేదం. మాటాడమని సెప్పు."

"నానెందుకు సెప్తాను?" అంటుంది, ఆలోచించకుండా, గారె తుంచినంత తేలిగ్గా. "నా బల్ల గీకిన దానికి నాను సాయం సేస్తానేటి?"

"నా కోసం కాదు, ఆడి కోసం. లోపల్లోపల కుళ్ళిపోతన్నాడు. ఏడవడు, తిట్టడు. నీ పాడె మోసినప్పుడూ ఏడవనేదు."

వదిన మొదటిసారి నా మీంచి చూపు తిప్పుకుంటుంది. ఆమె చూస్తున్న వైపు ఇసక ఉంది, అక్కడ ఎవరూ లేరు, కానీ మనిషి కూర్చుని లేచిపోయినట్టు ఇసకలో చిన్న గుంట ఉంది. నాకు గుర్తే, రోజూ చీకటి పడేముందు మా ఆయన అక్కడే కూర్చునేవాడు, అక్క బల్ల పక్కన, నేల మీద. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు. నేను లోపల గిన్నెలు తోముకుంటూ, ఇద్దరూ కలిసి నా మీద ఏం కూస్తున్నారో అని చెవులు రిక్కించేదాన్ని.

"ఆణ్ణి కూడా కూకోనివ్వనేదు" అంటుంది వదిన.

"దేని మీద?"

"దీని మీదే. సిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినాను ఆణ్ణి, సంక దిగీవోడు కాదు. ఇక్కడికొచ్చినాక ఒక్కనాడు కూడా, రారా, పక్కన కూకోరా అన్నేదు. ఆడు అడగనేదు. నాను అన్నేదు."

"ఇప్పుడు అను. పో, పోయి అను."

"ఎలా పోదును? నువ్వు సుట్టూ పూసీసినావు, కాలెక్కడ ఎట్టాల?"

నిజమే, నాలుగు వైపులా తడి వార్నీషు మెరుస్తోంది, మధ్యలో ఆమె. నా తప్పేం లేదు, ముందే లెగమన్నాను కదా. లెగమని గొంతు చించుకున్నాను కదా! ఆ కోపంలో నేను చెయ్యకూడని పని చేస్తాను, కుంచె డబ్బాలో ముంచి ఆమె మీదే పూసేస్తాను, ఒళ్ళో, మోకాళ్ళ మీద, ఆ పాత నేత చీర కుచ్చెళ్ళ మీద, పూస్తూ ఏడుస్తున్నాను, ఏడుస్తూ తిడుతున్నాను, సచ్చినా మారవు, సచ్చినా నా ఇంటి ముందు లెగవు, ఉండు, ఇక్కడే ఉండు, శాశ్వతంగా ఉండు. వదిన కదలదు, చెయ్యి అడ్డం పెట్టదు, తల వంచి నా పనితనం చూస్తుంది.

"పలసగా పుయ్యే. ముద్దలు ముద్దలుగా పూస్తే ఎప్పటికీ ఆరదు" అంటుంది.

"నువ్వు నాకు సెప్పకు!"

"సెప్తాను. సెప్పకపోతే నీకేటొచ్చు?"

ఆమె ఇంకా ఏదో అనబోతూ నోరు తెరుస్తుంది, కానీ ఆ నోట్లోంచి వచ్చిన గొంతు ఆమెది కాదు, మగ గొంతు, బొంగురుగా, చాలాకాలం వాడని తలుపులా.

"ఓలే, నీలేణీ."

కళ్ళు తెరిచాను. వంటగదిలో బియ్యం బస్తాకి తల ఆనించి పడుకుని ఉన్నాను, మధ్యాహ్నం భోజనాలయ్యాక నడుం వాల్చినదాన్ని అలాగే నిద్రపోయాను. కిటికీలోంచి ఎండ వాలుగా పడుతోంది, సముద్రం తన చోట తను అరుస్తోంది. కల అనుకుని పక్కకి ఒత్తిగిలబోతే మళ్ళీ వినిపించింది.

"నీలేణీ. ఓపాలి ఇలా రాయే."

లేచి, పైట సర్దుకోకుండానే గుమ్మంలోకి పరిగెత్తాను. మా ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఇసకలో కాదు, బల్ల మీద, సరిగ్గా వాళ్ళక్క కూర్చునే చోట. మొన్న పూసిన వార్నీషు బల్లంతా గట్టిగా ఆరిపోయింది, ఆ చోటొక్కటే ఆరలేదు, వేలు పెడితే జిగురుగా అంటుతోంది, పొద్దున్నే చూసి తిట్టుకున్నాను కూడా. ఆయన లేవబోయాడు, లుంగీ చర్రున లాగింది, మళ్ళీ కూలబడ్డాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, దొంగతనం చేస్తూ దొరికిపోయిన వాడిలా నా మొహంలోకి చూశాడు.

"అక్క ఒగ్గడం నేదే" అన్నాడు.

అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళలోంచి నీళ్ళు బొటబొట కారాయి, పాడె మోసిన నాడు రాని నీళ్ళు. నేను కిరసనాయిలు సీసా కోసం లోపలికి తిరిగి, రెండడుగులు వేసి ఆగాను. దానితో రుద్దితే జిగురు వదులుతుంది, వదిలితే లేస్తాడు, లేస్తే మళ్ళీ గోడ అవుతాడేమో, ఎవరు చూడొచ్చారు?

వెనక్కి వచ్చి ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను.

"కిరసనాయిలు తెస్తాను గానీ, ముందు మాటాడు" అన్నాను.

"ఏటి మాటాడను?"

"ఇన్నాళ్ళూ మింగినవన్నీ."

ముక్కు లుంగీ అంచుతో తుడుచుకోబోయాడు, అంచు పైకి రాలేదు, అరచేత్తో తుడుచుకున్నాడు.

"మంగళారం సేపల పులుసులో ఉప్పెక్కువైనాది" అన్నాడు.

"ఇంకా?" అన్నాను.