ఐదడుగుల రెండంగుళాలు

దియకి బడిలో ఇచ్చిన పని చిన్నదే. ఇంట్లో, ఇంటి చుట్టుపక్కల రేఖాగణితం ఎక్కడెక్కడ ఉందో వెతికి, పది ఫోటోలు తీసి, ఒక్కోదాని కింద ఒక వాక్యం రాసి సోమవారానికి పంపాలి. ఐదో తరగతి పిల్లకి అది గంటలో అయిపోవలసిన పని. కానీ తల్లి రాగిణి తెనాలిలో ఎనిమిదేళ్ళు హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. అమెరికాలో మోరిస్‌విల్ వచ్చాక, ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద ఇంటిపట్టునే ఉండిపోయింది. ఇన్నేళ్ళకి మళ్ళీ చేతికి చాక్‌పీసు అందినంత సంబరపడిపోయింది.

శనివారం పొద్దున్నే భర్త చైతన్య కారు సర్వీసింగ్‌కి తీసుకెళ్ళాడు. తల్లీకూతుళ్ళు వంటింట్లోంచి మొదలుపెట్టారు. ఉల్లిపాయని అడ్డంగా కోస్తే ఒకే కేంద్రం చుట్టూ వృత్తాలు. కిటికీ బ్లైండ్స్‌లో సమాంతర రేఖలు. దియ సైకిలు చక్రానికి బిగించిన నట్టు షడ్భుజి, వీధి మలుపులో స్టాప్ బోర్డు అష్టభుజి.

"అమ్మా, నీ బొట్టు కూడా సర్కిలే!" అంటూ దియ తల్లి మొహాన్నే ఒక ఫోటో తీసింది.

ఎనిమిది ఫోటోలయ్యాక లంబకోణం దగ్గర ఆగింది. తలుపు, పుస్తకం, టీవీ దానికి నచ్చలేదు.

"అందరూ డోరే పెడతారమ్మా. నాకు పెద్దది కావాలి."

"అయితే పెరట్లోకి పద. ఫెన్స్ మూల కంటే పెద్దది ఏముంది?"

పెరటి చివర వెనక ఫెన్స్, పక్కింటి వైపు ఫెన్స్ కలిసే మూలలో దియ తన ప్లాస్టిక్ మూలమట్టం ఆనించి చూసింది. నుదురు చిట్లించింది.

"ఇది రైట్ యాంగిల్ కాదు. చూడు, గ్యాప్ ఉంది."

"అంత చిన్న మూలమట్టంతో ఏం తెలుస్తుందే? ఉండు, మా ఊళ్ళో తాపీమేస్త్రీలు చూసే పద్ధతి చూపిస్తాను," అని రాగిణి గరాజ్‌లోంచి టేపు, పురికొస తెచ్చింది. మూలనించి ఒక వైపు మూడడుగులు, రెండో వైపు నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు వస్తే అది లంబకోణం. కూతురికి అంతా వివరంగా చెప్పి టేపు లాగింది.

ఐదడుగుల రెండంగుళాలు వచ్చింది.

"నువ్వు లూజుగా పట్టుకున్నావు."

"లేదమ్మా, టైట్‌గానే పట్టుకున్నా!"

మళ్ళీ కొలిచింది. అంతే వచ్చింది. ఈసారి ఆరు, ఎనిమిది పెట్టి చూసింది. పది రావలసిన చోట పదడుగుల మీద నాలుగంగుళాలు వచ్చింది. దియకి మాత్రం దిగులేం లేదు. "అయితే ఇది ఆబ్ట్యూస్. అది కూడా నా లిస్ట్‌లో ఉంది," అని ఫోటో తీసుకుని లోపలికి పరిగెత్తింది.

రాగిణి అక్కడే నిలబడింది. ఆ పక్క ఫెన్స్ పక్కింటి ఆంజనేయప్రసాద్ వేయించింది. పాతికేళ్ళుగా అమెరికాలో ఉన్న మనిషి, చైతన్య ఆయన్ని అన్నయ్యా అని నోరారా పిలుస్తాడు. రెండేళ్ళ క్రితం రాగిణి చెల్లెలి పెళ్ళికి ఇండియా వెళ్ళి వచ్చేసరికి, రెండిళ్ళ మధ్య పచ్చగడ్డి ఉన్న చోట ఈ ఫెన్స్ లేచి ఉంది. కొత్తగా కొన్న ఇల్లు, హద్దు ఎక్కడుందో ఆమెకి తెలియదు. బాగుంది అనుకుంది.

లోపలికి వెళ్ళి, ఇల్లు కొన్నప్పటి సర్వే కాగితం వెతికి తీసింది. వెనక వైపు వెడల్పు అరవై రెండు అడుగులని ఉంది. బయటికి వచ్చి కొలిస్తే యాభై ఏడు. ఫెన్స్ ఇంటి దగ్గర హద్దు మీదే మొదలై, వెనక్కి పోయేకొద్దీ తమ స్థలంలోకి ఒరిగింది. పలకల సందులోంచి తొంగి చూసింది. తమ పెరడు మొత్తానికి రోజంతా ఎండ పడే చోటు ఆ ముక్క ఒక్కటే. అక్కడ ప్రసాద్ భార్య శ్రీవిద్య గోంగూర మళ్ళు అప్పుడే మొలకలెత్తుతున్నాయి. ఏటా ఆవిడ సంచీ నిండా గోంగూర పంపడం, రాగిణి పొంగిపోయి పచ్చడి నూరి సీసాలో తిరిగి పంపడం రివాజు.

'నా మట్టిలో పెంచి నాకే దానం చేస్తున్నారన్నమాట.' ఒళ్ళు మండిపోయింది. టేపు, కాగితం చేతపట్టుకుని అలాగే వెళ్ళి పక్కింటి బెల్లు కొట్టింది.

"రా రా, కాఫీ పెడతా," అంది శ్రీవిద్య తలుపు తీస్తూ.

"కాఫీ వద్దక్కా. ఒక్క మాట అడుగుతాను. మన మధ్య ఫెన్స్ వెనక వైపు ఐదడుగులు మా స్థలంలోకి వచ్చింది. మీకు తెలుసా?"

శ్రీవిద్య నవ్వింది. అందులో బెరుకేమీ లేదు.

"తెలియకపోవడమేంటి? నువ్విచ్చిన చోటేగా!"

"నేనిచ్చానా?"

"మా వైపంతా పైన్ చెట్ల నీడ, ఒక్క మొక్క బతకట్లేదని ఈయన చైతన్యతో అన్నారు. రాగిణికి తోటంటే ఇంట్రెస్ట్ లేదు, అక్కయ్యనే వేసుకోమంది అని చైతన్య చెప్పాడు. అందుకేగా, మొదటి కోత నీకు పంపకుండా నేనొక్క ఆకు తుంచను!" రాగిణి మొహం చూసి ఆవిడ నవ్వు ఆగిపోయింది. "నువ్వు సంతకం కూడా పెట్టావు కదమ్మా?"

లోపలికి వెళ్ళి ఫైలు తెచ్చింది. కాలనీ అసోసియేషన్, అదే హెచ్ఓఏకి రాసిన ఉత్తరం. పక్కింటివారు ఫెన్స్ మా స్థలంలో వేసుకోవడానికి అభ్యంతరం లేదు అని నాలుగు వరుసలు. కింద రెండు సంతకాలు. రెండోది రాగిణిదే, అనుమానం లేదు.

ఆ రోజు గుర్తొచ్చింది. సాయంత్రం ఫ్లైట్. సూట్‌కేసులు తూకం వేస్తూ, బరువెక్కువైన దాంట్లోంచి చీరలు తీస్తోంది. చైతన్య పెన్ను ఇచ్చి, "హెచ్ఓఏ పేపర్, ఇక్కడ పెట్టు," అన్నాడు. సూట్‌కేసు మీదే ఆనించి పెట్టేసింది. లెక్కలో ప్రతి మెట్టుకీ కారణం రాయందే మార్కు వేయని టీచరు, మొగుడు చూపించిన చోట చదవకుండా సంతకం పెట్టింది.

"నీకు తెలియదా రాగిణీ?" శ్రీవిద్య గొంతు చిన్నదైపోయింది.

రాగిణి తల అడ్డంగా ఊపి వచ్చేసింది.

చైతన్య ఒంటిగంటకి వచ్చాడు. దియ పైన గదిలో ఉంది. బల్ల మీద సర్వే కాగితం, టేపు చూసి తాళాలు కింద పెట్టకుండా నిలబడ్డాడు.

"అక్క చెప్పింది," అంది రాగిణి.

అతను బుకాయించలేదు. "అప్పుడు నా ప్రాజెక్ట్ అయిపోతోంది. సిక్స్టీ డేస్‌లో జాబ్ దొరక్కపోతే వీసా పోయి మూటాముల్లె సర్దుకోవాలి. అన్నయ్య తన టీమ్‌లోకి రిఫర్ చేశాడు. ఆ వారమే ఫెన్స్ మాట ఎత్తాడు. ఎలా కాదనను?"

"కాదనమని ఎవరన్నారు? నన్నడిగితే నేనే సరేననేదాన్ని."

"నువ్వు టెన్షన్ పడతావని..."

"నేను టెన్షన్ పడకుండా, నాకు తోటంటే ఇష్టం లేదని ఊరంతా చెప్పారా?"

అతను తాళాలు బల్ల మీద పెట్టాడు.

"వెనక మళ్ళు వేసుకుంటానంటే అక్కడ మట్టి మంచిది కాదన్నారు. సరే కదా అని కుండీల్లో వేసుకున్నాను. పొద్దున ఇటు, సాయంత్రం అటు, ఎండ ఎక్కడుంటే అక్కడికి ఆ కుండీలు జరపడానికి మీరే సాయం పట్టారు. రెండేళ్ళు! కుండీకి అటో చెయ్యి, ఇటో చెయ్యి వేసి మోస్తున్నప్పుడైనా నోరు పెగల్లేదా?"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమెకి. బాధ ఐదడుగుల నేల గురించి కాదు. ఆ కుండీలు మోసినప్పుడల్లా 'ఎంత ఓపిక ఈయనకి' అని మురిసిపోయిన తన మొహమే గుర్తొచ్చి సిగ్గేసింది.

"అన్నయ్యతో మాట్లాడి జరిపిస్తాను," అన్నాడు చైతన్య.

"మీరు మాట్లాడొద్దు. నేను మాట్లాడతాను."

ఆదివారం దియ ఫోటోల కింద వాక్యాలు రాస్తూ అడిగింది. "ఇది రైట్ యాంగిల్ అవ్వాలి, కానీ అవ్వలేదు అని రాయనా?"

"వద్దు. ఏముందో అదే రాయి."

'మా పెరటి ఫెన్స్ మూల ఒక అధిక కోణం' అని ఇంగ్లీషులో రాసి పంపేసింది.

ఆ సాయంత్రమే రాగిణి పక్కింటికి వెళ్ళి ఫెన్స్ హద్దు మీదికి జరపమంది. ప్రసాద్ మొహం ముడుచుకుని, "పేపర్ మీద సంతకం ఉందిగా అమ్మా," అన్నాడు. శ్రీవిద్య భర్తని మాట పూర్తి చేయనివ్వలేదు. "సంతకం ఉంది. చెప్పకుండా పెట్టించుకున్న సంతకం. అలాంటి చోట పెంచిన ఆకు నాకు సహించదు," అంది. వేసిన మళ్ళు కోతకి వచ్చేదాకా ఆగుదామని రాగిణే చెప్పింది. జూలైలో పనివాళ్ళు వచ్చి స్తంభాలు పెకలించి హద్దు మీదికి మార్చారు. ప్రసాద్, చైతన్య అంతకుముందు ఒకే కార్లో ఆఫీసుకి వెళ్ళేవారు, ఇప్పుడు ఎవరి కారు వారిదే. ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు, మునుపటంత కాకపోయినా.

చైతన్య క్షమించమని అడిగాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. రాగిణి విననట్టు ఉండలేదు, సరేననీ అనలేదు. అన్నం పెడుతుంది, దియ చదువు గురించి మాట్లాడుతుంది. వెనక్కి వచ్చిన నేలలో వేస్తున్న కొత్త మళ్ళ దగ్గర అతను పార పట్టుకుంటే మాత్రం, "నేను తవ్వుకుంటాను," అని తీసుకుంటుంది.

అక్టోబరులో ఇంటి లోను మార్పించే కాగితాలొచ్చాయి. పద్నాలుగు పేజీలు. చైతన్య పెన్ను అందించాడు. రాగిణి మెట్ల మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ మొదటి వరుస నించి చదవడం మొదలుపెట్టింది. నాలుగో పేజీలో ఒక మాట అర్థం కాక, అతన్ని అడగకుండా ఫోన్లో వెతికి చూసుకుంది. అతను రెయిలింగ్ పట్టుకుని, ఆమె పేజీ తిప్పినప్పుడల్లా ఎదురు చూస్తూ నిలబడ్డాడు.