ఆరో నంబరు బస్సు, అవిసె నూనె

ఆరో నంబరు బస్సు నడిపే ఆవిడ రోజూ డిపోకి వెళ్లే ముందు పెరట్లో తేనెపెట్టెల దగ్గర కాసేపు నిలబడేది. తేనెటీగలు పెంచే అతన్ని చేసుకుని ఆ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆవిడకి దారి తెలిసేది వాటివల్లే. అవి గూటికి ఎంత తిన్నగా వస్తే, ఆవిడ బస్సూ అంత తిన్నగా వెళ్లేది. ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు. కొందరికి కళ్లజోడు ఉన్నట్టు ఆవిడకి తేనెటీగలు, అంతే.

ఆ ఏడు చుట్టూ పొలాలన్నిటా ఒకటే పంట వేశారు. ఒకటే పుప్పొడి తిని తిని తేనెటీగలు మందగించాయి. గూడు ఎదురుగా ఉన్నా పక్కింటి నీళ్లట్యాంకు చుట్టూ తిరిగేవి. ఆవిడ చేతులూ అంతే. మార్కెట్ దగ్గర కుడికి తిప్పాల్సింది ఎడమకి తిప్పేవి.

"అక్కా, నేను ఆసుపత్రికెళ్లాలి. ఇది ఇటుకబట్టీ!" అని జనం లబోదిబోమనేవారు.

డిపో మేనేజరు పిలిచి, "నెలాఖరుకి నేనే ఎక్కి చూస్తా. మళ్లీ తప్పితే స్టీరింగ్ వదిలేసి టికెట్ల కౌంటర్లో కూర్చోవాల్సిందే" అన్నాడు.

భర్త అప్పటికే పుప్పొడికి బదులు సోయా పిండి చక్కెర పాకంలో కలిపి, ముద్దలు చేసి పెట్టెల్లో పెడుతున్నాడు. నూనె గానుగ నడిపే ఆడపడుచు వచ్చి చూసింది.

"ఒరే తమ్ముడూ, ఒట్టి పిండితో కడుపు నిండుతుందిగానీ బుర్ర కదలదురా. పుప్పొడిలో ఉండే జిడ్డు ఇందులో ఏదీ? కాస్త అవిసె నూనె కలుపు."

"కాస్త" అన్న మాట అతని చెవికెక్కలేదు. గిన్నెడు వంపేశాడు. ముద్దలు నూనె కారాయి, తేనెటీగలు మూతి పెట్టలేదు. ఆ రోజు బస్సు డిపోలోంచి బయల్దేరి, ఒక చుట్టు తిరిగి డిపోలోకే వచ్చి ఆగింది.

"అవి తినాలి మహానుభావా, తలకి రాసుకోవు!" అని ఆవిడ తలపట్టుకుంది. ఈసారి తనే పక్కన కూర్చుని చెంచాతో కొలిచి పోయించింది. తేనెటీగలు ముద్దల మీద మూగాయి. కొన్నాళ్లకి నీళ్లట్యాంకు దగ్గర ఒక్కటి కూడా లేదు.

నెలాఖరున మేనేజరు ఆవిడ వెనక సీట్లో కూర్చున్నాడు. మార్కెట్, ఆసుపత్రి, రైల్వే గేటు, అన్నీ వరసగా వచ్చాయి. అతను సంతోషంగా పెన్ను జేబులో పెట్టుకోబోతుంటే, ఆవిడ బస్సుని ఇటుకబట్టీ వెనక సందులోకి తిప్పింది.

"మళ్లీ తప్పారు!"

"లేద్సార్, ఈసారి తెలిసే తిప్పా. దారి తప్పిన రోజుల్లో ఇక్కడ ఒకమ్మాయి ఎక్కేది. ఆ బస్సుని నమ్ముకుని కుట్టుపనిలో చేరింది. నా దారి బాగయ్యాక ఆ పిల్లకి బస్సు లేకుండాపోయింది."

సందు చివర ఆ అమ్మాయి చంకకర్రల మీద నిలబడి ఉంది. బస్సుని చూసి నమ్మలేనట్టు ఒక్కక్షణం కదల్లేదు. మేనేజరే లేచి కర్రలు అందుకుని, ఆమెని తన సీట్లో కూర్చోబెట్టాడు.

"ఇంకొక్కరోజు రాకపోతే పనిలోంచి తీసేస్తామన్నారక్కా. ఇకమీదట రోజూ వస్తావా?"

ఆవిడ అద్దంలో మేనేజరు వైపు చూసింది. "ఆయన్నడుగమ్మా."

మేనేజరు ఇంకా ఆ కర్రలు పట్టుకునే ఉన్నాడు.

"ఎనిమిదింటికి," అన్నాడు. "రోజూ."