గోడ దాటిన నాస్పతి కొమ్మలు

సన్యాసమ్మకి కస్తూరమ్మ మీద అనుమానం ఇవాళ్టిది కాదు. మిల్లువాళ్ల అగ్రికో కాలనీలో పక్కపక్క క్వార్టర్లు, మధ్యలో నడుమెత్తు గోడ, రెండు పెరళ్లలోనూ చెరో నాస్పతి చెట్టు, అదే బేరిపళ్ల చెట్టు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు ఫాల్గుణంలో కస్తూరమ్మ గోడ మీంచి చూసి, మీ చెట్టు విరగబూసింది వదినా అంది. వారం తిరక్కుండా పూలగుత్తులు నల్లబడ్డాయి. లేత కొమ్మలు నిప్పు తగిలినట్టు కమిలి తలలు వాల్చేశాయి. ఇంకేం కావాలి, ఆవిడ కళ్లు అలాంటివి మరి.

మొగుడు అసిరయ్య మిల్లు నించి వస్తూ తోటపని తెలిసినవాళ్లని అడిగొచ్చాడు. ఇది తెగులట. నలుపుకి జానెడు కిందకి కోసెయ్యాలి, ప్రతి కోతకీ కత్తి కాల్చుకోవాలి, కోసిన కొమ్మలు తగలబెట్టాలి. మర్నాడు కోసి, కోతల మీద మైలుతుత్తం, సున్నం కలిపి పూశాడు. తగలబెట్టమని పెళ్లానికి చెప్పి మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్లిపోయాడు.

తెగులంట తెగులు. సన్యాసమ్మ ఆ కొమ్మల్ని ఎర్రదారంతో మోపు కట్టి, చెట్టుకి దిష్టి తీసి, ఎవరి దిష్టి వాళ్లకే పోవాలని కస్తూరమ్మ చెట్టు మొదట్లోకి విసిరేసింది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

ఎండలు ముదిరేసరికి ఇవతలి చెట్టు చిగిర్చింది, అవతలిది మాను దాకా నల్లబడింది. కోసిన కొమ్మలు కాల్చకపోతే తెగులు పక్క చెట్టుకి అంటుకుంటుందని అసిరయ్య అన్నప్పుడు సన్యాసమ్మ కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

ఓ పొద్దున్న పక్కింటి ముందు రిక్షా ఆగింది. కస్తూరమ్మ కోడలు జానకి, ట్రంకుపెట్టె పట్టుకుని ఏడుస్తోంది. కొడుకు బలరామ్ తలొంచుకుని నిలబడ్డాడు. ఏటైందని సన్యాసమ్మ పరుగెత్తింది.

చెట్టు మొదట్లో ఎర్రదారం కట్టిన కొమ్మలు దొరికాయట. ఇది చేతబడే, చేసింది కోడలే అంది కస్తూరమ్మ. వచ్చిన కాణ్ణించీ దాని మీద అనుమానమేనట. బరంపురం పుట్టింటికి పంపేస్తోంది.

సన్యాసమ్మ వెళ్లి రిక్షాకి అడ్డం నిలబడింది.

"ఆ కొమ్మలు ఇసిరింది నానే వదినా. జానకికేటీ తెల్దు."

కస్తూరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి జరిపింది.

"నీది మంచి మనసు. దానికోసం నువ్వు అబద్ధం ఆడకు."

సన్యాసమ్మ ఒట్టు మీద ఒట్టు వేసింది. కస్తూరమ్మ కొంగుతో ఆవిడ కళ్లు తుడుస్తూనే, పోనియ్యమని రిక్షావాడికి సైగ చేసింది.