వెనక్కి నడిచిన బూటు

నేను ఒక ఎడమకాలి బూటును. నల్లని పైతోలు, నున్నటి తోలు అడుగు. నన్ను విశాఖపట్నంలో ఒక పెళ్ళికొడుకు కొలతలు తీసుకుని మరీ కుట్టారు. అయినా రిసెప్షన్ నాడే అతని మడమ కరిచాను. మర్నాడు నన్నూ నా కుడి జోడునూ తన మేనమామ అప్పలనరసింహానికి బహుమతిగా ఇచ్చేశాడు. మనుషులు తమను కరిచిన వాటిని పారెయ్యరు, చుట్టాలకు పెడతారు.

అప్పలనరసింహం పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. బజారుకైనా పెళ్ళిళ్ళకైనా ఆయన ముందు, భార్య రత్నాలు వెనక. నడవడమంటే ముందుకు పోవడమే అని నేనూ నిశ్చింతగా ఉండేదాన్ని.

ఇంతలో రత్నాలుకు వణుకుడు జబ్బు వచ్చింది. చేతుల వణుకు సరే, గడప దగ్గరికి వచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. పాట వింటూ జంటగా అడుగులు వేస్తే మేలని డాక్టరు చెప్పాడు. రైల్వే క్వార్టర్ల దగ్గర చర్చి హాల్లో డాఫ్నీ టీచర్ బాల్‌రూమ్ డాన్స్ నేర్పుతుందట.

"ఈ వొయసులో డాన్సేటే? జనం నవ్విపోరా?" అన్నాడాయన.

"జనం నన్ను బాత్‌రూమ్‌కి తీసుకెళ్తారేటి మావా?" అంది రత్నాలు.

అలా వెళ్ళాం. అక్కడితో నా మతి పోయింది. "మగవాళ్ళు ఎడమకాలు ముందుకి! ఆడవాళ్ళు కుడికాలు వెనక్కి!" అంది టీచర్. ముందుకు వెళ్ళాను. కుడి జోడు పక్కకు పోయింది. దాని దగ్గరికి చేరానో లేదో, అది నన్ను వదిలి వెనక్కి పోయింది. ఎక్కడికీ వెళ్ళకుండా ఇంత నడక ఎందుకో అర్థం కాలేదు. అప్పలనరసింహానికి అంతకన్నా అర్థం కాలేదు. పదిమందిలో భార్య నడుం మీద చెయ్యి వేసిన మొహమాటంలో ఆయన నన్నే చూస్తూ ఉండిపోయాడు.

"కిందికి చూడకండి సార్, బూట్లు ఎక్కడికీ పారిపోవు" అంది టీచర్.

ఆయన తలెత్తాడు. నేను వెళ్ళి రత్నాలు కాలివేళ్ళ మీద పడ్డాను. ఆమె వెనక్కి అడుగు వెయ్యబోయి బిగుసుకుపోయి ఒరిగింది. ఆయన పట్టుకోకపోతే పడిపోయేదే.

"ఇంక సాలు. తుంటెముక ఇరిగితే ఎవుడు దిక్కు? ఇంటికెల్లిపోదాం" అంటూ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించాడు. తీరా హాలు గడప దగ్గర ఆమె పాదాలు ఆగిపోయాయి. ఆయన లాగాడు. కదల్లేదు. లోపల పాట మోగుతూనే ఉంది.

"లాగకు మావా. ఇటు తిరుగు. ఇందాక డాన్సులో పట్టుకున్నట్టే పట్టుకో. నువ్వు ఎనక్కి నడు, నాను ముందుకొస్తాను."

ఆయన సిగ్గుతోనే తిరిగాడు. నన్ను వెనక్కి చాపి, గుడ్డిగా తడుముకుంటూ గడప అవతల దింపాడు. ఆ వెంటనే రత్నాలు పాదం లేచింది. గడప దాటింది!

ఇద్దరూ వసారాలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే ఆమెకు నవ్వొచ్చింది. "మరి లోపలికి పద, పాట అయిపోద్ది" అంది.

ఆ రోజు నుంచి నడిపించేది రత్నాలు, వెనక్కి నడిచేది ఆయన. నేర్చుకున్న కాస్తా తిరగబడేసరికి నా గందరగోళం రెట్టింపయింది. పైగా ఇప్పుడు నన్ను ఇంట్లో కూడా వేసుకుంటున్నాడు. వెనక్కి నడుస్తుంటే రబ్బరు చెప్పులు గచ్చుకు పట్టేస్తాయి, నా తోలు అడుగైతే సులువుగా జారుతుంది. "జోళ్ళతో వొంటింట్లోకా!" అని మొదట్లో రత్నాలు కసిరింది, తర్వాత మానేసింది.

కొన్ని పొద్దుల్లో ఈ ఉపాయమూ పారదు. నేను వంటింటి గడపకు అవతల దిగి ఎదురుచూస్తాను, ఆమె పాదం రాదు. ఆయన లాగడు. పట్టిన చేతులు దించడు. ఇది ఆగిపోవడమో, డాన్సులో ఇదీ ఒక అడుగో నాకు తెలియదు.

"మావా, పాలు పొంగిపోతన్నాయి" అంటుంది ఆమె.

"పొంగనీయే" అంటాడాయన.