గాంధారం మెట్టు

రావికమతం నుంచి వచ్చిన కొత్త పిల్ల కుమారి, వీణలో 'గ' స్వరం పలికే గాంధారం మెట్టు మీద వేలు పెట్టగానే తీగను పక్కకి లాగింది. స్వరం కాస్త ఎక్కువ పలికింది. పిల్ల మొహం చిట్లించి వేలు సర్దుకుంది. రోజలిన్ టీచర్ మాత్రం చేతిలో టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ వాయించు," అంది.

మళ్ళీ అదే లాగుడు. సరిగమలు నాలుగుసార్లు వాయించినా మిగతా మెట్ల మీద వేలు బుద్ధిగానే ఉంది. గాంధారం దగ్గరే ఆ పాడలవాటు.

"ఇంతకు ముందు ఎవరు నేర్పేరమ్మా?"

"మామ్మండి. మా వీదిలో ఉంతాది. అందరూ వీణ మామ్మ అంతారు."

పిల్లను మోటారు సైకిల్ మీద తీసుకొచ్చిన తండ్రి త్రినాధరావుకీ అంతకన్నా తెలియదు. చెరుకు రైతు, మామ్మ పేరుతో ఆయనకేం పని? "ముసిలావిడండి. సేతులు వణుకుతన్నాయి. ఇంక టౌన్లో సేర్పించీమంది," అన్నాడు.

అనకాపల్లిలో రోజలిన్ వీణ నేర్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళలో, సభల్లో వాయిస్తుంది. క్రిస్టియన్ల అమ్మాయికి వీణేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఇప్పుడు పిల్లల్ని తెచ్చి ఆవిడ ముందు కూర్చోబెడుతున్నారు. అంత పేరున్న మనిషికి ఒక్క మెట్టు మీది లాగుడు ఆ రాత్రి నిద్ర లేకుండా చేసింది.

ఎందుకంటే ఆ లాగుడు ఆవిడది కూడా. గురువు నూకరత్నం గారి వీణ మీద నేర్చుకున్న పదేళ్ళూ తన వేలు చేసిన పని అదే. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతారు కదా, ఆ వీణ మీద గాంధారం మెట్టు వెంట్రుకవాసి ఎడమకి జరిగి ఉండేది. నొక్కితే స్వరం తక్కువ పలికేది. తీగ లాగితే గానీ సరిగ్గా వచ్చేది కాదు. శిష్యులంతా లాగేవారు. అదే పద్ధతి కాబోలనుకునేవారు.

మెట్టు తప్పుందని కనిపెట్టింది రోజలిన్ ఒక్కతే. అప్పటికి ఇరవై ఏళ్ళది. గురువు రాంబిల్లిలో పెళ్ళికి వెళ్తూ ఇంటి తాళం ఇచ్చి వెళ్ళినప్పుడు, వీణలు బాగుచేసే మనిషి ఊళ్ళోకొచ్చాడు. రోజలిన్ దగ్గరుండి ఆ మెట్టు సరిచేయించింది. అమ్మగారు మురిసిపోతారనుకుంది పిచ్చిపిల్ల. నూకరత్నం గారు వచ్చి, వీణ ముందు కూర్చుని, గాంధారం దగ్గర ఆగిపోయారు. రోజలిన్ వైపు ఒక చూపు చూశారు. మాటా పలుకూ లేకుండా లేచి లోపలికి వెళ్ళిపోయారు.

అడక్కుండా గురువు వీణ మీద చెయ్యి వేశానని రోజలిన్‌కి అప్పుడు తట్టింది. వీధిలోకి పరుగెత్తింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తర్వాత గురువు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారని విన్నది. కచేరీకి ముందు గురువు పేరు తలుచుకోవడం ఆనవాయితీ. రోజలిన్ అక్కడికి వచ్చేసరికి ఆ పేరు మింగేసి తీగ మీటేది.

కుమారి నేర్చుకున్నది ఆ వీణ మీదే అయుండాలి. మరి సరిచేయించిన మెట్టు మళ్ళీ తప్పెలా అయింది? తెల్లారగానే సంగీత సభవాళ్ళ సురేష్ బాబు ఫోన్. "మేడమ్, మీ సన్మానం కార్డు శుక్రవారం ప్రెస్సుకిచ్చేయాలి. గురువుగారి పేరు ఏటి వేయమంటారు?"

ఖాళీగా వదిలేయమనడానికి నోరు రాలేదు. మర్నాడే రావికమతం బస్సెక్కింది.

మామ్మ అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. జుట్టంతా నెరిసింది గానీ ఆ చూపు మాత్రం అదే. నూకరత్నం గారే. మామ్మ పైనుంచి కిందికి చూసి, "సిక్కేవు. లోపలికి రా," అంది.

లోపల వీణ ఉంది. కూర్చుని నొక్కి చూసింది. గాంధారం మెట్టు మళ్ళీ ఎడమకే ఉంది.

"మీరే జరిపేరా అమ్మగారూ?"

"మరెవులు జరుపుతారు? మొదట్నించీ నేనే. మెట్టు తిన్నగుంతే పిల్లలు వేలెట్టి ఊరుకుంతారే, వినరు. వంకరుంతే ఇని లాగుతారు. మెట్టు తప్పని తెలిసిన రోజున ఆ పిల్లకి సెవి వచ్చినట్టు. ఇన్నేళ్ళలో నీకొక్కద్దానికే తెలిసింది."

"మరి ఆ రోజు ఏటీ అనకుండా లోపలికెళ్ళిపోయేరు."

"బెల్లం ముక్క తేడానికెళ్ళేనే. నీ నోట్లో పెడదామని. వచ్చి సూత్తే వీది తలుపు తీసుంది." చేతిలో చిక్కుడుకాయ పక్కన పడేసింది. "రేపొత్తాది, ఎల్లుండొత్తాదని సూసేను. గురువు శిష్యురాలింటికి ఎతుక్కుంటూ ఎల్తాదేటి? తరవాత నీ కచేరీలకి రెండు మూడుసార్లు వచ్చేను. ఎనకెక్కడో కూకున్నాను. నా పేరు సెప్పలేదు. మరిచిపోయేవనుకున్నాను."

రోజలిన్‌కి ఏడుపు ఆగలేదు. ఒక బెల్లం ముక్క తెచ్చేపాటి సేపు నిలబడి ఉంటే, ఇద్దరికీ ఇన్నేళ్ళ బాధ లేకపోయేది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఏడవకు," అంది మామ్మ. "కార్డు మీద నా పేరు ఇంటిపేరుతో ఏయించు. కుమారికి మాత్రం మెట్టు సంగతి సెప్పకు. దానికే తెలియాల."

సన్మానం జరిగింది. ముందు వరసలో మామ్మ కూర్చుంది, రోజలిన్ గురువు పేరు చెప్పింది, ఈసారి మింగెయ్యలేదు. తర్వాత వర్షాకాలమంతా కుమారి వస్తూనే ఉంది, రోజలిన్ చెప్పాలన్న మాట నాలుక చివర పట్టుకుని కూర్చుంటూనే ఉంది.

దసరా సెలవుల తర్వాత ఒక సాయంత్రం కుమారి వాయిస్తూ వాయిస్తూ ఆగింది. గాంధారం మెట్టు మీద తీగ లాగకుండా నొక్కింది, మళ్ళీ నొక్కింది, తల వంచి విన్నది.

"టీచరండీ, మీ వీణ మీద లాగక్కర్లేదు. మామ్మ వీణ మీద ఈ మెట్టు తప్పుందండి." అనేసి, పెద్దవాళ్ళని అన్నానేమోనని బిక్కమొహం వేసింది.

రోజలిన్ లేచి వంటింటి వైపు నడిచింది. గుమ్మం దాకా వెళ్ళి గబుక్కున వెనక్కి తిరిగింది.

"బెల్లం తేడానికెళ్తన్నాను. నేనొచ్చేదాకా కదలకు," అంది.