కుక్కర్ విజిళ్ళ మధ్య గెలాక్సీలు

"శనగపిండి ఉందా?" అని ఆదర్శ్ అడిగినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఆదివారం పొద్దున, బాల్కనీలో ఆయన చొక్కాలు ఆరేస్తున్నాను. "సాయంత్రం ఆఫీసువాళ్ళు టెలిస్కోపు చూడ్డానికొస్తున్నారు. దాన్ని ఏ వైపు తిప్పాలో నాకు చెప్పేసి, నువ్వు పకోడీలు వేస్తే చాలు."

మురిసిపోతూ ఫోన్ చూపించారు. నేను తీసిన గెలాక్సీల ఫొటోని ఆఫీసు గ్రూపులో పెట్టారు. "నీలో ఇంత టాలెంట్ ఉందా!" అని ఎవరో అంటే, ఈయనగారు జోడించిన చేతుల బొమ్మ పెట్టి ఊరుకున్నారు. నా పేరు ఎక్కడా లేదు.

"ఇంట్లోదేగా, ఎవరి పేరైతే ఏంటమ్మా?" అన్నారు అత్తయ్య, తాగిన కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. అది ఒక్క ఫొటో కాదు. నార్సింగిలో మా మేడ మీద, కోకాపేట టవర్ల వెలుతురు పడని మూలన, పదకొండు సాయంత్రాలు నిలబడి తీసిన రెండొందల ఫొటోలు. ఒక్కోటి ఒక్క నిమిషం. అన్నీ కంప్యూటర్లో ఒకదానిమీదొకటి పేరిస్తే ఆ మసక చుక్కలు తేలాయి. ఒక్కో చుక్కా ఒక గెలాక్సీ, ఇరవైనాలుగు కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు. మధ్యలో చాలా ఖాళీలున్నాయి. మూడో విజిల్‌కి కిందికి పరిగెత్తినవి, అత్తయ్య మందులకి దిగినవి, "చారు చల్లారిపోయింది" అని ఈయన కేకేస్తే వదిలేసినవి.

ఆ టెలిస్కోపు అద్దం కాకినాడ హాస్టల్లో నేనూ భార్గవీ అరగదీసుకున్నది. ఖాళీ కిరసనాయిలు డ్రమ్ము మీద ఒక గాజుబిళ్ళ బిగించి, మధ్యలో గరుకుపొడీ నీళ్ళూ పోసి, పైన ఇంకో బిళ్ళతో రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరిగేవాళ్ళం. నాలుగు నెలలు! "పిండి రుబ్బడం నేర్చుకోండర్రా, రేపు పనికొస్తుంది" అని వార్డెన్ నవ్వేది. భార్గవి అస్సలు తగ్గేది కాదు. "మా పిండి ఆకాశంలో ఉందండీ" అనేది. లైబ్రరీ పుస్తకంలో ఈ గెలాక్సీల గుంపు చూసి, ఎప్పటికైనా మన అద్దంతోనే ఫొటో తీద్దామని ఒట్టేసుకున్నాం. ఆ రోజుల్లో మా చేతులు గరుకుగా ఉండేవి, ఎవరికోసమో అరిగినవి కావు. భార్గవి ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలియదు. ఆ పిల్ల మీద బెంగగా ఉంది.

ఏడింటికి పకోడీల పళ్ళెంతో మేడెక్కాను. ఆదర్శ్ అప్పటికే వివరిస్తున్నారు. గొట్టంలోకి తొంగిచూసిన వాళ్ళాఫీసు రాకేశ్ అన్నాడు, "మస్తుంది అన్నా! గీ అద్దం యాడ కొన్నవు?"

ఆదర్శ్ నావైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారీ అడగలేదు.

"కొన్నది కాదండీ" అన్నాను. గొట్టం వెనక్కి వెళ్ళి, అద్దం వీపు మీద ఫోన్ లైటు వేశాను. గాజు మీద గీసిన రెండు పేర్లు: ఉదయశ్రీ, భార్గవి.

పళ్ళెం ఆదర్శ్ చేతుల్లో పెట్టాను.

"ఇంకో రెండు వాయిలకి పిండి కలిపే ఉంది. మీరెళ్ళి వేయించండి. వీళ్ళకి నేను చూపిస్తాను."