ఆరు సెట్లు, ఒక్క గొంతు

చుట్టం వస్తున్నాడంటే చిరిగిన పరుపును తిరగేసి పరచడం మనిషికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. జాతీయ ఉద్యానవనం రేంజి ఆఫీసులో ఆ వారమంతా అదే జరిగింది.

వస్తున్నది ఆర్థిక శాఖ అధికారి. ఎండాకాలపు మంటల నుంచి అడవిని కాచే అగ్నిదళానికి కొత్త వైర్‌లెస్ సెట్లు ఇవ్వాలో వద్దో ఆయన చూసి తేల్చాలి. సందర్శకుల టిక్కెట్ల సొమ్ము నేరుగా ఖజానాకు పోతుంది. ఖజానా నుంచి అడవికి తిరిగి ఎంత రావాలో ఆయన వంటివాళ్లు నిర్ణయిస్తారు. చెరువు నింపేది ఒకరు, తూము తిప్పేది మరొకరు.

ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా జీపు అద్దంలా మెరిసింది, వాచ్‌టవరు మెట్లకు రంగు పడింది, కిటికీలకు ఎవరింటివో తెరలు వచ్చాయి. మూలన పడి ఉన్న ఆరు చేతిసెట్లను డ్రైవరు ఒళ్లోకి తీసుకుని తుడిచాడు, పగిలిన అంచులకు నల్లరంగు పూశాడు, బల్ల మీద బారుగా నిలబెట్టాడు.

"మామా, వీటిని పెళ్లికూతుళ్లను చేసేశావే," అంది రేంజరమ్మ. ఆఫీసంతా అతణ్ణి మామ అనే పిలుస్తుంది.

"నోరు విప్పితే కదమ్మా బండారం బయటపడేది. ముంగిలా కూర్చుంటే అందరూ బుద్ధిమంతులే."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో బెరుకు ఉంది. మామ కూతురు అగ్నిదళంలో రోజుకూలీ; ఎప్పుడూ టవరు కొసనే ఉంటుంది గనుక పిచ్చుక అని పేరు పడింది. పోయిన వేసవిలో ఆ పిల్ల పైన ఉండగానే మంట మూడు వైపులా కమ్ముకుంది. సెట్టు పలకలేదు. గాలి దారి మార్చుకుంది కాబట్టి పిల్ల దక్కింది. ఆనాటి నుంచి మామ ఆ ఊసు ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.

అధికారి వచ్చాడు. సన్నగా, మెత్తగా, మర్యాదగా ఉన్నాడు. జీపు చూశాడు, తెరలు చూశాడు, బల్ల మీది సెట్ల వరుస చూసి తల పంకించాడు. టీ తాగి కప్పు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"చాలా సంతోషమమ్మా. వేరే వనాలు చూస్తే ఏడుపొస్తుంది. మీరు ఉన్నవాటినే కొత్తవాటిలా పెట్టుకున్నారు. మీకు ఇప్పుడు అవసరం లేదు. ఈ విడత సెట్లు పక్క వనానికి ఇప్పిస్తాను."

తలుపుకు తామే గొళ్లెం పెట్టుకుని, తాళం చెవి కిటికీలోంచి తామే విసిరేసినట్టు అనిపించింది రేంజరమ్మకు.

"సార్, అవి పనిచెయ్యవు."

"ఏవి?"

"బల్ల మీదివి. రంగు తప్ప వాటిలో ఏమీ లేదు."

"ఇందాక పనిచేస్తాయన్నారు కదా?"

"అనలేదు సార్. మీరు అనుకున్నారు. మేం అనుకోనిచ్చాం."

అధికారి ముఖంలోని మెత్తదనం పోయింది. "ఇందాకటిది నాటకమైతే, ఇప్పటిది కాదని ఎలా నమ్మను?"

"నమ్మొద్దు. ఒకటి పట్టుకుని టవరెక్కండి. అక్కణ్ణుంచి మమ్మల్ని పిలవండి. పిచ్చుక తోడొస్తుంది."

పిచ్చుక అలవాటు కొద్దీ చివరనున్న తన సెట్టు తీసుకుంది. మామ చెయ్యి ముందుకు వచ్చి, గాలిలో ఆగి, వెనక్కి పోయింది. ఎవరూ గమనించలేదు.

ఆఫీసు గోడకున్న పెద్ద సెట్టు చుట్టూ అందరూ మూగారు. దళంలోని మిగతా ఐదుగురూ గోడ వెంబడి నిలబడ్డారు. గదిలో గడియారం తప్ప ఏదీ కదలలేదు. ఆ నిశ్శబ్దమే తన సాక్షి అనుకుంది రేంజరమ్మ. అది ఇంకా సాగాలని కోరుకుంది.

పెద్ద సెట్టు గరగరలాడింది.

"హలో. టవరు మీద నుంచి మాట్లాడుతున్నాను. వినిపిస్తోందా?"

అధికారి గొంతు. పక్కన నిలబడి పలికినంత స్పష్టంగా. ఆ వెనకే పిచ్చుక గొంతు, నమ్మలేనట్టు: "నాన్నా, ఇది పలుకుతోంది."

రేంజరమ్మ చెప్పిన ఒక్క నిజమూ ఆమె చెవిన పడుతూనే అబద్ధమైపోయింది.

అధికారి దిగి వచ్చాడు, ఆయాసపడుతూ. "ఇంత ఎత్తు నన్నెందుకు ఎక్కించినట్టమ్మా?"

మామే ముందుకు వచ్చాడు.

"మేడం అబద్ధం చెప్పలేదు సార్. ఆమెకు తెలీదు. ఆ సెట్టుకి బ్యాటరీ, లోపలి సామాను నేనే వేయించాను. రంగు పూస్తున్నప్పుడు. నా జీతంలోంచి."

"మరి చెప్పలేదేం?"

"సర్కారు వస్తువు సొంతంగా విప్పకూడదు కదా సార్. ఉద్యోగం పోతుందని భయం."

"మిగతా ఐదింటి సంగతి?"

మామ నేల చూశాడు. గోడ వెంబడి ఉన్న ఐదుగురి వైపు మాత్రం చూడలేకపోయాడు.

"నాకు ఒక్కతే కూతురు సార్."

గుమ్మంలో నిలబడిన పిచ్చుక చేతిలోని సెట్టును, అదేదో దొంగసొత్తయినట్టు, బల్ల మీద పెట్టేసింది. అధికారి రెండో సెట్టు తీసుకుని మీట నొక్కాడు. గోడ మీది పెద్ద సెట్టు పలకలేదు. మూడోది నొక్కాడు. చివరిదాకా అలాగే నొక్కుకుంటూ పోయాడు. ఆయన వేళ్లకు ఆరని నల్లరంగు అంటుకుంది.

"పక్క వనానికి అన్నాను," అన్నాడు వేళ్లు చూసుకుంటూ. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సెట్లు ఇక్కడికే వస్తాయి. ఆరూ వస్తాయి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గోడ వెంబడి ఉన్నవాళ్లలో పెద్దవాడు వచ్చి మామ భుజం మీద చెయ్యి వేశాడు.

"తలెత్తు మామా. మా నాన్న చేతిలో నాలుగు డబ్బులుంటే ఆయనా ఇదే పని చేసుండేవాడు."

మామ తల ఎత్తలేదు.